లారీలో సముద్రం వైపు సీటు

సూరిబావా,

ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, మన లారీ వెనక సముద్రం వైపు ఎవరు కూర్చోవాలన్నది ఇకపై చీటీలు వేసి నిర్ణయించబడును. ఈ ఆజ్ఞ వేసింది ఇవాళ్టి వరకూ డ్రైవర్నైన నేనే.

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఆదివారమైనా డ్యూటీ ఉంది. సింగపూర్ క్రాంజీలో మన బస నుంచి షిప్‌యార్డుకు పెద్దరోడ్డున పోకుండా, నీళ్ల పక్కనుంచి తిప్పాను. దారి తప్పిస్తే డ్రైవర్ పని పీకేస్తామని కంపెనీవాళ్లు ముందే చెప్పారులే. "సూరిబావ ఆఖరి కోరికరా, అందరం ఒక్కసారి ఈ రోడ్డున పోవాలన్నాడు" అన్నాను. మన ఇరవైమందీ వెంటనే లారీ వెనక ఎక్కారు.

ఆనకట్ట మీద బండి ఆపాను. అవతలి ఒడ్డున మలేషియా. మన తెలుగు సాఫ్ట్‌వేర్ బాబులు కారు దిగి ఫోటోలు తీసుకుంటున్నారు.

"అంకుల్, లారీ కాస్త పక్కకి తీస్తారా? వ్యూకి అడ్డం."

"మేమూ వ్యూకే వచ్చాం బాబూ. నీ కారే తియ్యి."

ఇంతలో సూపర్‌వైజర్ ఫోను, మాట చివర ఇక్కడివాళ్ల 'లా' తగిలించి. "ఎక్కడ చచ్చావురా? టైమెంతయిందో తెలుసా లా?"

"సముద్రం చూస్తున్నాం సార్."

"రేపట్నుంచి నువ్వు డ్రైవర్‌వి కాదు!"

"అయితే ఇవాళ ఇంకో పావుగంట చూస్తాం సార్."

ఇక నిజం చెబుతాను, కోప్పడకు. నువ్వసలు ఏ కోరికా కోరలేదు. లారీ ఎక్కగానే నోరు తెరుచుకుని నిద్రపోయేవాడివి. ఆ ఆఖరి కోరిక నేనే అల్లాను. నాకు చూడాలనుందంటే అందరూ నవ్వేవాళ్లు. నీకోసమంటే ఒక్కడూ కాదనలేదు.