మేం చేసుకున్న నీళ్ళు

అడిలైడ్, మార్చి మూడు

నాన్నా,

నువ్వు ఫోను ఎత్తవు కాబట్టి రాస్తున్నాను. నా యంత్రం బజారులోకి రాబోతోంది. ఎండతో నడిచి, ఉప్పు బోరు నీళ్ళను మంచినీళ్ళు చేసే యంత్రం. ఐదేళ్ళు దాని చుట్టూనే తిరిగాను, నీకు తెలుసు. ల్యాబులో ఒక్కసారంటే ఒక్కసారి కూడా మొరాయించలేదు.

దాన్ని కంపెనీగా మార్చే పని యూనివర్సిటీవాళ్ళు ఎవరికిచ్చారో తెలుసా? లాక్లన్ పెంబర్టన్ అనే మహానుభావుడికి. మేజోళ్ళు లేకుండా బూట్లు వేసుకుంటాడు. మొన్నమొన్నటిదాకా కుక్క బిస్కెట్లు అమ్మేవాడు. నా యంత్రాన్ని మొదటిసారి చూసి, "ఇది పచ్చరంగులో దొరకదా?" అన్నాడు. ఇలాంటివాళ్ళ చేతిలో పడ్డాక చదువుకి విలువేముంది చెప్పు! నిన్నటి సమావేశంలో పదిమంది ముందు నన్ను నిలదీశాడు.

"బ్రాన్విన్, ఒక్క సంగతి చెప్పండి. నీళ్ళు కంపు కొడితే?"

"కంపు నా ప్రయోగంలో లేదు."

"నీళ్ళలో ఉంటుంది కదండీ."

"మీరు బిస్కెట్ల వాసన చూసుకోండి. నీళ్ళు నాకొదిలేయండి" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. అతని మొహం ఎర్రబడింది. నాకు కడుపు నిండినట్టయింది.

వచ్చే శుక్రవారం సంతకం పెడతాను. పొలాల్లో వాడకానికి సిద్ధమని నేను పూచీపడే కాగితం అది. మొదటి యంత్రం మీ హాకర్ ఊరి దగ్గర నోరీన్ హెబర్డ్ గొర్రెలు పెంచే క్షేత్రానికే. "మెర్వ్ కూతురు చేసిందా? ఇంక ట్యాంకరు నీళ్ళెందుకు, నెలాఖరుకి మానేస్తా" అందట. నీ పేరు నాకు పనికొచ్చింది, సంతోషించు.

నీ
బ్రాన్


అడిలైడ్, మార్చి పధ్నాలుగు

నాన్నా,

నేను సంతకం పెట్టలేదు. ఎందుకో చెప్పేముందు రెండేళ్ళ కిందటి మాట ఒకటి చెప్పాలి. మొన్నటి ఉత్తరంలో దాన్ని దాటేశాను. నువ్వు ఫోను ఎందుకు ఎత్తవో నాకు తెలుసు. హాకర్ నుంచి పొద్దున్నే బయల్దేరి, క్యానుతో మీ బోరు నీళ్ళు పట్టుకుని నా ల్యాబుకొచ్చావు. టోపీ చేత్తో పట్టుకుని, గాజు తొట్టిలోకి చూసి, "ఇవి ఏ బోరు నీళ్ళమ్మా?" అన్నావు. నలభై ఏళ్ళు పంపులు బాగుచేసినవాడు అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. నేనేమన్నాను? "ఇది పంపుల షెడ్డు కాదు నాన్నా" అన్నాను. నా తోటివాళ్ళు నవ్వారు. వాళ్ళతో పాటు నేనూ నవ్వాను. క్యాను తలుపు పక్కన పెట్టి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయావు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. నేనైతే ఆ చెట్టుని నలుగురిలో నరికాను. సిగ్గుగా ఉంది నాన్నా.

శుక్రవారం సంతకానికి అందరూ కూర్చున్నారు. రెండేళ్ళుగా ల్యాబు తలుపు పక్కనే పడున్న ఆ క్యానుని లాక్లన్ ఎత్తుకొచ్చి బల్ల మీద పెట్టాడు. దాని మీద నీ చేతిరాత, 'హాకర్ బోరు' అని. "ఇవి పోసి చూపిస్తారా?" అన్నాడు. అతని నోరు శాశ్వతంగా మూయించవచ్చని సంబరపడి, నేనే మూత తీసి పోశాను. గదంతా కుళ్ళిన గుడ్ల కంపు. ఒకామె ముక్కు మూసుకుని బయటికెళ్ళింది. నలభై నిమిషాలకి వడపోత పొర మీద పసుపు బురద పేరుకుంది. ధార సన్నబడింది, చుక్కలైంది, ఆగిపోయింది.

లాక్లన్ నవ్వుతాడని ఎదురుచూశాను. నవ్వలేదు. "ఐదేళ్ళూ ఏ నీళ్ళు పోశారండీ?" అని అడిగాడు.

"మేం చేసుకున్నవి."

"నీళ్ళు చేసుకోవడమేంటండీ?"

చెప్పాను. ముందు నీళ్ళలో ఉన్నదంతా తీసేసి, అందులో ఉప్పు తూచి కలుపుతాం. ప్రపంచంలో ఏ ల్యాబులోనైనా అంతే, లేకపోతే ఒకరి లెక్క ఇంకొకరికి కుదరదు. చెబుతుంటే నాకే వెర్రిగా వినిపించింది. మురికి తీసే యంత్రానికి ఐదేళ్ళు కడిగిన నీళ్ళు పోశాను! చదవేస్తే ఉన్న మతి పోవడమంటే ఇదే. అసలు కంపు సంగతి మీకెలా తట్టిందని అతన్ని అడిగాను. "నోరీన్ ఇంటికెళ్ళాను. ట్యాంకరు రావడం ఆలస్యమైందని బోరు నీళ్ళతో టీ ఇచ్చింది. తాగలేకపోయాను" అన్నాడు. ఆ టీ కప్పు దాకా కుక్క బిస్కెట్లవాడు వెళ్ళాడు, నేను వెళ్ళలేదు.

వెంటనే నోరీన్‌కి ఫోన్ చేసి, ట్యాంకరు మానొద్దని బతిమాలాను.

"ఎప్పుడు మానేశానే? పోయిన వారమే మీ నాన్న వచ్చి మానొద్దన్నాడు. 'నా పిల్ల తెలివైందే నోరీన్. కాకపోతే మన నీళ్ళు దానికింకా తెలీవు. తెలిస్తే సరిచేస్తుంది, అందాకా ఆగు' అన్నాడు" అంది.

ఫోను పెట్టేసి ఏడ్చాను. నువ్వు నాతో మాట్లాడకుండానే నా పరువు కాపాడుతున్నావు.

శనివారం యంత్రాన్ని బండిలో వేసుకుని వస్తున్నాను. లాక్లన్ కూడా వస్తానంటున్నాడు, మేజోళ్ళు తెచ్చుకోమన్నాను. షెడ్డులో కాస్త చోటు చెయ్యి. మీ బోర్లన్నీ ఒక్కొక్కటే చూపించు. నాకు టీ మాత్రం ట్యాంకరు నీళ్ళతో పెట్టకు.

నీ పంపుల షెడ్డు పిల్ల,
బ్రాన్