బలానికి గ్లూకోస్

మార్చి 4, పెనుకొండ

కాలేజీలో పాఠాలు చెప్పడం అయిపోగానే ధర్మవరంలో రైలెక్కి వచ్చినా. గుండె వాల్వు మార్చినాక, కోలుకునేదాకా వాళ్ళమ్మ దగ్గరే ఉంటానని మా ఆయన రామచంద్ర ఇక్కడే ఉన్నాడు. చేతి నరంలో సూదిగొట్టం, క్యాన్యులా. ప్లాస్టరు అంచులు నల్లబడి, కింద చెమట, పసుపు. ఒకటే వాసన. ఇదేందని అడిగితే మా అత్త హనుమంతమ్మ, వీధి చివర క్లినిక్కు కుమారస్వామి బలానికి గ్లూకోస్ ఎక్కిస్తాండాడు, దినామూ పొడవడమెందుకని సూది అట్లే ఉంచినాడు, నీకేమమ్మా, చుట్టం మాదిరి వారానికొకతూరి వస్తావు అనింది.

నేనే పీకేసినా. కింద తెల్లగా, జిగటగా ఏదో.

మార్చి 19

జ్వరం. కుమారస్వామి మళ్ళీ యాంటీబయాటిక్ మార్చినాడంట. మళ్ళీ.

మార్చి 27, హిందూపురం

ఎకో తీసినారు. కొత్త వాల్వుకు అతుక్కొని ఏదో ఊగుతాంది. ఏ క్రిమో చూడనీకి డాక్టర్ మంజులత రక్తం కల్చర్‌కు పంపింది.

మార్చి 31

ఫంగస్. కాండిడా. గుండెలో బూజు!

ఆ సూది వల్లేనా? ఆపరేషనప్పుడు మెడ నరంలో పెట్టిన గొట్టం నుంచి కూడా వచ్చుండొచ్చు అంటుంది మంజులత. ఎవరిని అసహ్యించుకోవాలో కూడా గట్టిగా తెలీదు. ఫ్రిజ్‌లో దోసెపిండి పొంగి గిన్నె దాటింది. గిన్నెతో సహా పారేసినా.

ఏప్రిల్ 2, బెంగళూరు

ఒక్క మందుతోనే పోదంట. ఆ వాల్వు తీసేసి ఇంకొకటి పెట్టాల. ఆపరేషన్ బల్లమీదే పోవచ్చు, చెయ్యకుంటే బతకడు. అత్త సర్జన్‌ను నిలదీసింది: ఏమప్పా, పొద్దున్నొకతూరి సాయంత్రమొకతూరి పగలగొట్టనీకి నా కొడుకు రొమ్ము టెంకాయా అని. తర్వాత నావైపు తిరిగి, సదువుకున్నదానివి, నువ్వు చెప్పు అనింది. కొయ్యమంటే నేను చంపినట్లు, వద్దంటే కూడా నేనే.

రామచంద్రే కళ్ళు మూసుకొని చెప్పినాడు: నాకే అసహ్యంగా ఉండాది, ఆ గలీజు తీసెయ్యమను.

ఏప్రిల్ 4

తీసేసినారు. బతికినాడు. సర్జన్ సీసా తెచ్చి చూపించినాడు. వాల్వు మీద బూడిదరంగు ముద్ద, పాచిపోయిన సంగటి మాదిరి. అత్త కొంగు నోట్లో కుక్కుకొని పక్కకు పరిగెత్తింది. నేను చూస్తానే ఉన్నా. పద్దెనిమిదేళ్ళ కాపురంలో నేను పోనంత లోపలికి పోయింది ఇది.

జీవితాంతం మాత్ర వేసుకోవాలంట. అయినా బూజు తిరిగి రావచ్చంట.

ఏప్రిల్ 11

కాఫీ అడిగినాడు. రెండు గుటకలు తాగి చాలన్నాడు. అదే గ్లాసులో మిగిలింది నేను తాగినా.