ఊపిరితిత్తిలో చీముగడ్డ, పక్కన శీనప్ప

జిగణి

అక్కకు, తమ్ముడు మల్లేశు దండాలు.

నువ్వు, బావ, పాప బాగుండారని తలుస్తా. బావ మోకాలి నొప్పి తగ్గిందా? నేను బాగుండాను. ముందే చెప్తాండా, ఇప్పుడు బాగుండాను. ఫోన్లో చెప్తే సగంలోనే ఏడుస్తావని రాస్తాండా.

పోయిన నెల జ్వరమన్నాను గదా, అది తగ్గలేదు. ఇక్కడ ఒకటే వాన, చలి. మాత్రలు మింగి కంపెనీకి పోతాంటి. తర్వాత దగ్గితే చీము పడబట్టింది. ఆ కంపుకు నాకే వాంతి వచ్చేట్లుండె. రూములో ఉండే ఇద్దరు నాకు టీబీ అనుకొని వేరే చోటికి పోయినారు. వాళ్లను తప్పు పట్టను, వాళ్లకూ పిల్లలుండారు. నాతో మిషన్ మీద పనిచేసే హిందూపురం శీనప్ప మాత్రం పోలేదు. నువ్వూ పో అంటే చాప నా పక్కకే జరుపుకున్నాడు.

"నేను పోతే నీకు గంజి ఎవరు కాస్తారప్పా? లెయ్, ఆస్పత్రికి పోదాం" అన్నాడు.

ఎక్స్‌రే, స్కాన్ తీసినారు. టీబీ కాదంట. కుడి ఊపిరితిత్తిలో చీముగడ్డ. నా పుచ్చిన దవడపన్ను తెలుసు గదా, దాంట్లో క్రిములు నిద్రలో నోటి ఎంగిలితో పాటు లోపలికి జారి, న్యుమోనియా వచ్చి చీము పట్టిందంట. ఇట్లా కావడం అరుదంట.

"కోత అక్కర్లేదు, మందులతోనే మానుతుంది. మధ్యలో మాత్రం ఆపొద్దు" అనింది డాక్టరమ్మ. ఆ మాట వినేదాకా నేను బతుకుతానని అనుకోలేదక్కా.

ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లు చీము బయటికి రావాలని నర్సమ్మ నన్ను ఎడమపక్కకు పండబెట్టి వీపు మీద తట్టేది. శీనప్ప చూసి నేర్చుకున్నాడు. రూముకొచ్చినాక పనికి పోయే ముందు, వచ్చినాక వాడే తడుతుండె. నేను ఉమ్మే డబ్బా పట్టేది, కడిగేది వాడే. ఒక్కసారి కూడా ముక్కు మూసుకోలేదు.

ఇప్పుడు జ్వరం లేదు. పన్ను పీకించినా. మాత్రలు ఇంకా మింగుతాండా. మళ్లీ స్కాన్ తీస్తే గడ్డ బాగా చిన్నదయిందన్నారు. సూపర్‌వైజరు తేలిక పని ఇస్తానన్నాడు. రాగిముద్ద, పప్పు తింటాండా, నోటికి రుచి తెలుస్తాంది. ఎవరైనా ఇటు వస్తాంటే నీ చెనిక్కాయల పొడి పంపు. పాప పన్ను నొప్పంటే లవంగం పెట్టి ఊరుకోవద్దు, డాక్టరుకు చూపించు.

అత్తమ్మకు, బావకు నా దండాలు చెప్పు. నా తల మీద చెయ్యి పెట్టినట్టే అనుకొని దీవించు. శీనప్పకు తోడబుట్టినోళ్లు లేరు. నేను మంచి మాట చెప్పబోతే మొహం అటు తిప్పుకుంటాడు. ఒళ్లు తేరుకున్నాక వాణ్ణి మనింటికి పిల్చుకొస్తా. నువ్వు పక్కన కూర్చోబెట్టుకొని అన్నం పెట్టక్కా.

నీ తమ్ముడు,
మల్లేశు