ధ్రువ కాంతులకి పిల్లల టికెట్టు

అక్కకి నమస్కారాలు.

నేను బాగానే ఉన్నాను, మోకాళ్ళు తప్ప. ధ్రువాల దగ్గర ఆకాశంలో వెలిగే ధ్రువ కాంతులు చూడ్డానికి యాత్రల ఆఫీసుకి రాశానని చెప్పాను కదా. చలికోటు వాళ్ళే ఇస్తారట, కొలతలు అడిగారు. రాశాను. ఇన్నేళ్ళూ బడిపిల్లల యూనిఫాంలు కుట్టిన చెయ్యి కదా, ఊరుకోలేదు. చివర్లో "ఎదిగే ఒళ్ళు, చేతులు రెండంగుళాలు లోపలికి మడిచి కుట్టండి" అని కూడా రాసేశాను. ముసలివాణ్ణి వద్దంటారేమోనని వయసు మాత్రం వెయ్యలేదు.

జవాబొచ్చింది. "చిరంజీవి బాబుకి" అని ఉంది. నన్ను పిల్లల జట్టులో వేశారు. ఇంట్లో పెద్దవాళ్ళ అనుమతి కావాలట. పిల్లల్ని చీకటి పడగానే పడుకోబెడతారట. ఆ కాంతులు వచ్చేదే చీకటి పడ్డాక! నాకు పెద్దదిక్కు నువ్వే. ఒక్క ముక్క రాసిపెట్టు.

నీ తమ్ముడు

తా.క. ఫోన్ చేశాను. ఎవరో అమ్మాయి "హలో" అంది. భయమేసి పెట్టేశాను.

*

తమ్ముడికి దీవెనలు.

ఒరేయ్, నీకు నోరిచ్చింది అన్నం తినడానికేనా? సరే, రాశాను. "వీడు నా చేతుల్లో పెరిగాడు. నెమ్మదస్తుడు. చీకటంటే జడుపు. రాత్రి దుప్పటి తన్నేస్తాడు, కాస్త కనిపెట్టుకుని ఉండండి" అని. ఇంక నిశ్చింతగా వెళ్ళిరా.

మీ అక్క

తా.క. నీ వయసు వేద్దామనుకున్నా. వేస్తే నాదెంతో లెక్కగట్టేస్తారని మానేశా.

*

అక్కకి నమస్కారాలు.

కొంప మునిగింది. నీ ఉత్తరం చదివి ఆఫీసులో అందరికీ కళ్ళు చెమర్చాయట. నన్ను చూసుకోడానికి ఆయాని పెట్టారు. పడుకోబోయే ముందు పాలు ఇస్తారట. జడుసుకోకుండా కిటికీకి మందపాటి తెర వేస్తారట. తెర వేస్తే నేనేం చూడను?

చిన్నప్పుడు బళ్ళో మాస్టారు రంగు సుద్దలు లేక తెల్ల సుద్దతోనే ఆ కాంతులు గీశారు. "ఇదంతా ఆకుపచ్చ అనుకోండ్రా" అన్నారు. అప్పట్నుంచీ అనుకుంటూనే ఉన్నాను. ఈ మోకాళ్ళతో మళ్ళీ ఏడాది వెళ్ళలేను. నేను పెద్దవాణ్ణని గట్టిగా రాయి.

నీ తమ్ముడు

తా.క. పాలు నాకు పడవని కూడా రాయి.

*

తమ్ముడికి దీవెనలు.

గట్టిగానే రాశాను. "వీడు తాతలకి తాత, మీ బోడి పాలు ఎవడిక్కావాలి" అని. ఉత్త మాటలు నమ్మరని నీ ఫోటో కూడా జతచేశా.

మీ అక్క

తా.క. నా దగ్గరున్నది ఆ ఒక్క ఫోటోనే. నిక్కరేసుకుని ముక్కు కారుస్తూ ఉంటావే, అది. జాగ్రత్తగా వెనక్కి తీసుకురా.

*

అక్కకి నమస్కారాలు.

చేరాను. నీ ఫోటో పనిచేసింది. పాలు రెండు గ్లాసులయ్యాయి.

ఆయా నన్ను చూసి, ఎవరి తాతయ్యో తోడొచ్చాడనుకుని పిల్లల గదిలోనే పక్క చూపించింది. చెప్పబోయాను. చెప్పకుండానే వెళ్ళి దుప్పటి పరుచుకున్నాను. పెద్దవాళ్ళు కొండమీదికి వెళ్ళారు. మాకు తెర వేసి, దీపం తీసేశారు. ఇంత దూరం వచ్చి గోడ చూస్తూ పడుకున్నానక్కా. ఏడుపొచ్చింది.

కాసేపటికి పక్కమంచం పిల్ల లేచి తెర లాగింది.

ఎవరో ఆకుపచ్చ గుడ్డ తాను విప్పి ఆకాశం మీద దులుపుతున్నట్టుంది. అరిచానక్కా. నేను! గదంతా లేచింది. ఆయా పరుగెత్తుకొచ్చి, చీకట్లోనే "ఎవర్రా అరిచింది? బెంచీ ఎక్కు!" అంది. పిల్లలంతా నన్నే ముందుకి తోశారు. కిటికీ పక్కనున్న బెంచీ ఎక్కాను.

బెంచీ మీంచి ఇంకా బాగా కనిపించింది.

నీ తమ్ముడు

తా.క. ఆయా దీపం వేసి, నన్ను చూసి, నాలిక్కరుచుకుని దిగమంది. దిగనన్నాను.