దగ్గర నుంచి తీసిన లకుముకి

భీమవరం,
ఆదివారం.

రూబీకి,

దేవుని దయవల్ల అమ్మా, నేనూ బాగానే ఉన్నాం. మస్కట్‌లో నువ్వూ అలాగే ఉన్నావని నమ్ముతున్నాను. సెలవు మీద వచ్చిన ప్రిస్కిల్లా గారికిచ్చి పంపిన ఉత్తరం అందింది. రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ మళ్ళీ ఉత్తరమేమిటని అమ్మ నవ్వింది. నేను మాత్రం రెండోసారి కూడా చదువుకున్నాను.

అమ్మ మోకాళ్ళ గురించి అడిగావు. తగ్గలేదు, చర్చికి ఆటోలోనే వెళుతోంది. నా సంగతంటావా, ఈ పెళ్ళిళ్ళ సీజను నడుం విరగ్గొట్టింది. ఫోటోలు తీసీ తీసీ, పెళ్ళికొడుకులందరూ ఒకేలా కనిపిస్తున్నారు.

నేను తీసిన లకుముకి పిట్ట ఫోటో హాస్టల్ గదిలో గోడకి అంటించుకున్నానని రాశావు. "అంత దగ్గరికెళ్ళినా దాని కళ్ళల్లో భయం లేదండీ. డ్యూటీకెళ్ళేముందు చూస్తే నాకూ ధైర్యంగా ఉంటోంది. ఎలా తీశారు?" అని అడిగావు. ఫోన్లో చెప్పడానికి నోరు రాలేదు.

అది నన్ను దగ్గరికి రానివ్వలేదు రూబీ. పల్లంరాజు గారి రొయ్యల చెరువు మీద, పిట్టలు వాలకుండా కట్టిన వలలో చిక్కుకుంది. ఇన్నేళ్ళుగా గట్ల మీద బురదలో పడుకున్నా ఒక్క పిట్టా అంత దగ్గర దొరకలేదు. ముందు వల విప్పాల్సింది, కెమెరా తీశాను. దారాలు పడకుండా తలా ముక్కూ మాత్రమే ఫ్రేములోకి తెచ్చుకుని, కంట్లో వెలుగు మెరిసేదాకా ఆగాను. తరవాతే విప్పాను. ఎగిరిపోయింది కదా అని సర్దిచెప్పుకున్నాను.

ఫోటో పల్లంరాజు గారికి చూపించి మురిసిపోయాను కూడా. నిన్న పొద్దున్న ఆయన ఫోన్ చేశారు. "ఐజాక్ గారూ, ఇంకోటి పడిందండి. ఇది ఇంకా మంచి నీలమండి, రండి!" పాలకొల్లులో పెళ్ళి వదిలి రాలేక సాయంత్రం వెళ్ళాను. ఆయన గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పిట్ట తల వేలాడిపోయి ఉంది.

"మధ్యాహ్నందాకా కొట్టుకుందండి. పనోళ్ళు విప్పేస్తామన్నారు. మీకోసమని నేనే ముట్టుకోనివ్వలేదండి."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, వల విప్పి దాన్ని చేతిలోకి తీసుకున్నాను. ఇకమీదట పడగానే విప్పించెయ్యమన్నాను. ఆయన తెల్లబోయారు.

"మరి ఫోటో ఎలాగండి?"

అక్కణ్ణుంచి వచ్చేశాను. కెమెరా సంచీ విప్పబుద్ధి కావడం లేదు, బాగా అలిసిపోయాను. నీకున్న ఆ కాస్త ధైర్యం లాక్కోవడానికి మనసొప్పడం లేదు గానీ, ఆ ఫోటో తీసెయ్యి రూబీ. ఆ కళ్ళల్లో ఉన్నది భయమే.

ఇట్లు,
నీ భర్త,
ఐజాక్