కొండగోగు ఎంతవరకు

1986 ఫిబ్రవరి 11
గైడ్ సార్ మ్యాప్ అడిగారు. భూమి వేడెక్కుతోందట. వానలు తగ్గితే కొండగోగు చెట్టు ఎక్కడ మిగులుతుందో గీయాలి. థీసిస్‌లో చివరి అధ్యాయం.
“ఒక్క గీత చాలమ్మా. ఇటు ఉంటది, అటు ఉండది.”

ఫిబ్రవరి 15
గీశాను. రఘునాథపల్లి గుట్టలు గీతకు అవతల — నా లెక్కలో అక్కడి ఎండకు చెట్టు ఇప్పటికే బతకకూడదు. నెక్కొండ వైపు ఇవతల.

ఫిబ్రవరి 23
నెక్కొండ. మగ్గం ఆపి మా బాపు తోడొచ్చాడు. రోజంతా వెతుకులాట. రాయి ఉంది, వాన పడే చోటే... ఒక్క చెట్టూ లేదు.

ఫిబ్రవరి 24
లెక్క తప్పా? గింజ ఇంకా అక్కడికి చేరలేదా?

మార్చి 2
రఘునాథపల్లి. గుట్ట సగం ఎక్కి బాపు ఆగిపోయాడు. “జర ఇటు చూడు బిడ్డా!”
చెయ్యి పెట్టలేనంత కాలే బండ. దాని పగుల్లోంచి చెట్టు. ఆకు ఒక్కటి లేదు — కొమ్మల నిండా పసుపు పూలు, తేనెటీగల హోరు.
“నీళ్లు ఏడికెళ్లి వస్తున్నయే దీనికి?”
“తెల్వది బాపూ.”
ఆ కాలే రాయి మీదే చెప్పులు విడిచి నిలబడ్డాడు. నేనూ విడిచాను.

మార్చి 4
సార్‌కు ఆ చెట్టు సంగతి చెప్పాను. నవ్వలేదు. “అది పాత వానలకు మొలిచిన చెట్టేమో. దాని పిల్లలు బతుకుతయా?”
నిజమే. చెట్టు ఉండటం వేరు, కొత్తది మొలవడం వేరు.

ఏప్రిల్ 27
రఘునాథపల్లి చెట్టు కాయలు పగిలాయి. గింజ చుట్టూ పట్టులాంటి దూది. బాపు వేళ్లతో నలిపి చూస్తుంటే గాలి లాక్కుపోయింది. “ఏడికి పోతాందో!” ఇద్దరం కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తూనే ఉన్నాం, కనపడకుండా పోయేదాకా.

ఏప్రిల్ 29
గీత చెరిపేశాను. ఆ చోట పెన్సిల్‌తో వెడల్పాటి మసక. ఉండొచ్చు, ఉండకపోవచ్చు.
“ఇట్లయితే పరీక్షకులు ఒప్పుకోరు. గీత గీస్తవా, ఇంకో ఏడాది ఆగుతవా?”
“ఆగుతా సార్.”


జులై 20
వానలు పడి ఆగాయి. మళ్లీ ఎండ. అదే బండ, పక్క పగుల్లో — మొలక! వేలంత. కొండగోగే.
బాపు తువ్వాల తీసి నీడ కట్టబోయాడు.
“వద్దు బాపూ. నీడ పెడితే అది తనంతట తానే బతికిందో లేదో తెల్వది.”
“మాడిపోతదే!”
“మాడితే మాడనీ...”
తువ్వాల భుజాన వేసుకున్నాడు. అక్కడి నుంచి మాత్రం కదల్లేదు. ఆయన నీడ మొలక మీదే పడుతోంది.
నేను పక్కనే కూర్చుని మొలక ఎత్తు కొలిచాను.