మా చిన్నదాని నలభై ఒక్క రికార్డులు ఎవరికి చెందాలంటే

ఇరవై ఎనిమిదేళ్లుగా లాండ్రీ దుకాణం నడుపుకుంటున్న నేను, బుద్ధి సక్రమంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. నా చదువు అయిదో తరగతి, తప్పులుంటే సర్దుకోండి. రెండు ముక్కలు రాసి, లేచి నాలుగడుగులు తిరిగి, మళ్లీ కూర్చుంటున్నాను. బుద్ధి ఉంటే చాలు, మనసు కుదురుగా ఉండక్కర్లేదని నోటరీ గారు చెప్పారు.

1. దుకాణం, పైగది, రెండు ఇస్త్రీ బల్లలు పెద్దాడికి.

2. చనిపోయిన నా కూతురి రాక్ రికార్డులు నలభై ఒకటి, వాటి మిషనుతో సహా పెద్దాడికే.

3. రెండో అంశం రద్దు. పాతసామాన్లవాడితో మాట్లాడేశాననీ, మొత్తం ఒకేసారి పట్టుకుపోతాడనీ పెద్దాడు ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాడు. నన్నొక మాట అడగలేదు.

4. చిన్నది ప్రతి అట్ట లోపలా పెన్సిల్‌తో మార్కులు వేసింది. వాటి కింద నావి వేశాను. ఎవరూ చెరపకూడదు. గుర్రం బొమ్మదానికి అది పదికి పది వేసింది. నేను నాలుగు. ఆ పాడేవాడు పన్నునొప్పి వచ్చినవాడిలా మూలుగుతాడు. నీలం అట్ట, ముగ్గురు ఆడపిల్లల బ్యాండు, దానికి ఆరే వేసింది. నేను తొమ్మిది. రెండో వైపు మూడో పాటలో ఆ పిల్ల అరుస్తుంటే నా బదులు ఎవరో అరిచిపెడుతున్నట్టు ఉంటుంది. ఇందులో మాత్రం నా కూతురు పొరబడింది.

5. అయిదు రికార్డులు వంగిపోయాయి. తప్పు నాది. దుమ్ము పట్టాయని సబ్బునీళ్లలో జాడించి ఎండలో పెట్టాను. వంగినవాటిలో ఒకదాని మీద గుడ్డ వేసి ఇస్త్రీ కూడా చేశాను. అది ఇక మోగదు. అయినా లెక్కలో నలభై ఒకటే.

6. హెడ్‌ఫోన్లు ఎవరికీ ఇవ్వను. "ఆ గోల ఆపవే, వచ్చినవాళ్లు గుమ్మంలోంచే పారిపోతున్నారు" అని నేనే కొనిచ్చాను. ఇల్లు ప్రశాంతంగా ఉందని నాలుగేళ్లు సంబరపడ్డాను. ఆ నాలుగేళ్లూ అది ఏం విందో నాకు తెలియదు. పగలగొట్టి పారెయ్యండి.

7. రికార్డులు, మిషను డ్రమ్ములు వాయించే దాని స్నేహితుడికి. ఆ రోజు బండి నడిపింది వాడే. వాడికి చెయ్యి విరిగింది, నా పిల్ల పోయింది. వానకి రోడ్డు జారింది, వాడి తప్పు లేదని పోలీసులు రాశారు. నేను రాయను. మూడుసార్లు గుమ్మం దాకా వచ్చాడు, తలుపు తియ్యలేదు. వాడిని క్షమించానని ఎవరూ చెప్పుకోవద్దు. కానీ నీలం అట్టలో, చిన్నదాని ఆరు పక్కన వాడి చేతిరాత కూడా ఉంది. వాడూ తొమ్మిదే వేశాడు.

8. అమలు చూడాల్సింది నా ఆడపడుచు. పెద్దాడికి ఆవిడంటేనే భయం.

9. ఏడో అంశానికి ఒక షరతు. ఇది నేను పోయాక కాదు, వచ్చే ఆదివారమే అమలు కావాలి. వాడు స్వయంగా వచ్చి, నా ఎదురుగా కూర్చుని, ఒక వైపు పూర్తిగా వినిపించి, అప్పుడు తీసుకువెళ్లాలి. తలుపు నేనే తీస్తాను. వాడితో ఏం మాట్లాడతానో మాత్రం హామీ ఇవ్వలేను.

తేదీ: జూన్ పదకొండు, గురువారం.
సంతకం: లాండ్రీ అమ్మ
సాక్షులు: పక్క కొట్టు గడియారాల మేస్త్రి, పై వాటా నర్సమ్మ (పాటల గోలకి రెండుసార్లు పోట్లాటకొచ్చిన ఆవిడే)